మాస్టారు రాసిచ్చిన కాగితం

నాలుగో సిస్టమ్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది. అయినా అది 'టింగ్' మంది. తెర మీద కుడివైపు కింది మూల నుంచి చీటీలాంటిదొకటి జారుకుంటూ వచ్చి నిలబడింది. ఎర్ర డాలు బొమ్మ, దాని పక్కన మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి, వెంటనే తుడిచేయండి అని ఇంగ్లీషులో హెచ్చరిక. దాన్ని మూసేలోపు ఇంకొకటి వచ్చింది, ఏదో లాటరీ. ఆ తర్వాత వచ్చింది చెప్పుకోలేని బొమ్మ. పక్క సిస్టమ్ దగ్గర పదో తరగతి మార్కుల కాగితం ప్రింటు తీయించుకుంటున్న అమ్మాయీ వాళ్ళ నాన్నా అది చూశారు. ఆయన నన్నేమీ అనలేదు. కూతుర్ని భుజం పట్టి ఇటు తిప్పుకుని, డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

2019 వేసవి సంగతి ఇది. తెనాలిలో, గంగానమ్మపేటలో మాది చిన్న నెట్ సెంటర్. అయిదు సిస్టమ్స్, ఒక జెరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను. హాల్‌టికెట్లు, రిజల్ట్స్, ఉద్యోగాల దరఖాస్తులు, రైలు టికెట్లు, పెళ్ళి శుభలేఖల డీటీపీ. ఆ నాన్న చూపు నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. పిల్లల్ని పంపడానికి జనం భయపడే చోటుగా మా షాపు మారిపోతుందేమోనని దిగులేసింది.

అప్పటికి నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. వైరస్ ఎక్కింది, ఫార్మాట్ కొట్టాలి. మా లైన్‌లో ఎవరినడిగినా అదే చెప్పేవారు. ఫార్మాట్ కొట్టడమంటే సగం రోజు పని. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ ఎక్కించాలి, ప్రింటర్ డ్రైవర్లు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ అన్నీ మళ్ళీ మొదట్నుంచీ వేసుకోవాలి. ఆ నెలలో నాలుగో సిస్టమ్‌ని రెండుసార్లు, రెండో సిస్టమ్‌ని మూడుసార్లు కొట్టాను. నాలుగోది పది రోజులు బుద్ధిగా ఉండి మళ్ళీ మొదలుపెట్టేది. రెండోదాని జబ్బు వేరు. దానికి చీటీలు పడవు. గూగుల్‌లో ఏదన్నా వెతికితే, అడ్రసు గడిలో ఏదో పేరు తళుక్కున మెరిసి మాయమై, ఎప్పుడూ చూడని సెర్చ్ పేజీ తెరుచుకునేది. అందులో మొదటి పది లింకులూ ప్రకటనలే. డీఎస్సీ సమాచారం కోసం వెతికిన ఒకమ్మాయి అలా తేలిన ఏదో పేజీలో తన ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అన్నీ నింపేసింది. నేను చూసి ఆపేసరికే సబ్మిట్ నొక్కేసింది.

రెండోదాన్ని ఫార్మాట్ కొట్టిన గంటలోపే అదే జబ్బు తిరగబెట్టేది. కొత్త విండోస్, కొత్త క్రోమ్, అయినా ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుపట్టలేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, క్రోమ్ వేసిన వెంటనే నీ జీమెయిల్‌తో లాగిన్ అవుతున్నావా?" అన్నాడు. అవుతున్నానన్నాను. "అయితే నీ ఎక్స్‌టెన్షన్లు కూడా నీ వెనకే వచ్చేస్తాయి. అవి ఉండేది నీ కంప్యూటర్‌లో కాదు, నీ అకౌంట్‌లో. ఒక్కొక్కటీ ఆపి చూడు."

చూశాను. నాలుగున్నాయి. మూడోది పీడీఎఫ్‌లు కుదించేది. దరఖాస్తు సైట్లు ఫైలు ఇన్ని కేబీ లోపే ఉండాలంటాయి కదా, ఆ పని కోసం నేనే వేసుకున్నాను. దాన్ని ఆపగానే గూగుల్ మళ్ళీ గూగుల్‌లా పని చేసింది. దాని వివరాల పేజీలోకి వెళ్ళి చదివితే, మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడానికీ మార్చడానికీ అనుమతి తీసుకుందని ఒక వాక్యం ఉంది. పీడీఎఫ్ కుదించడానికి వచ్చినదానికి నా కస్టమర్లు ఏం వెతుకుతున్నారో చూడాల్సిన పనేమిటి? వేసుకునే రోజున ఆ వాక్యం నా కళ్ళ ముందే ఉంది, చదవకుండా నొక్కేశాను. దాన్ని తీసేశాను.

నాలుగో సిస్టమ్ గురించి అడిగితే, "ఆ చీటీలో అడుగున చిన్న అక్షరాలుంటాయి, చదువు" అన్నాడు. టింగ్‌మనగానే వంగి చూశాను. అడుగున క్రోమ్ పేరు ఉంది, దాని పక్కన బూడిదరంగులో, కళ్ళు చికిలిస్తే తప్ప కనపడనంత చిన్నగా ఒక వెబ్‌సైట్ పేరు. అర్థంలేని అక్షరాలూ అంకెలూ కలిపి కట్టిన పేరు. "అది వైరస్ కాదు బావా. ఎవరో ఆ సైటుకి అలౌ నొక్కారు. నువ్వు దొంగ కోసం ఇల్లంతా వెతుకుతున్నావు, వాడేమో వీధి గుమ్మంలోంచి మర్యాదగా వస్తున్నాడు."

క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌లోకి, అందులో నోటిఫికేషన్లలోకి వెళ్ళమన్నాడు. అలౌ అనే శీర్షిక కింద పేర్ల వరుస తెరుచుకుంది. లెక్కపెట్టాను, 41. రిజల్ట్స్ కోసం వచ్చిన పిల్లలు, క్రికెట్ లైవ్ చూద్దామని వచ్చిన కుర్రాళ్ళు, పాటలు డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళు ఎవరికి వాళ్ళు ఒక్కో సైటుకి ఒక్కో అలౌ నొక్కి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిపోయినా ఆ అనుమతి మా సిస్టమ్‌లో ఉండిపోయింది.

ఈ ఏర్పాటును మంచికే పెట్టారు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 42తో వెబ్‌సైట్లకి ఈ వీలు దొరికింది. మెయిల్ వస్తే, వార్త తెలిస్తే, ఆ పేజీ తెరిచి లేకపోయినా సైటు మనకు కబురు పెట్టగలదు. అలౌ నొక్కగానే సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాము ఒకటి బ్రౌజర్‌లో కూర్చుంటుంది, పేజీ మూసేసినా కబురు అందుకుని చీటీ చూపిస్తుంది. ఆ దారినే ప్రకటనల వ్యాపారులూ పట్టుకున్నారు. వాళ్ళ లెక్కలో అలౌ నొక్కిన ప్రతి మనిషీ ఒక చందాదారు. చందాదారుల జాబితా ఎంత పెద్దదైతే ప్రకటనలు వేసేవాళ్ళ దగ్గర అంత డబ్బు. మనమేదో గెలిచామన్న చీటీ వెనకా, వైరస్ ఉందన్న చీటీ వెనకా ఉన్నది ఈ డబ్బే.

ఆ రాత్రి షట్టర్ సగం దించి, అయిదు సిస్టమ్స్‌లోనూ ఆ జాబితాలు ఖాళీ చేశాను. అసలు ఏ సైటూ నోటిఫికేషన్ కోసం అడగకుండా చేసే మీట కూడా అక్కడే పైన ఉంటే, అదీ నొక్కాను. మర్నాటి నుంచి షాపులో జెరాక్స్ మిషను చప్పుడే. తర్వాత బ్రౌజర్లు చేసేవాళ్ళూ కదిలారు. సైట్లు నోటిఫికేషన్ల కోసం అడిగితే 100కి 99 సార్లు జనం ఒప్పుకోవడం లేదని మొజిల్లా తేల్చింది. 2020 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 72 నుంచి, మనం పేజీలో ఏదో ఒకటి నొక్కితే తప్ప ఆ ప్రశ్న ముందుకు రాకుండా చేసింది. ఫిబ్రవరిలో క్రోమ్ 80 ఆ ప్రశ్న గొంతు తగ్గించింది. జులైలో క్రోమ్ 84, మోసం చేసి అలౌ నొక్కించే సైట్లను గుర్తించి అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఇక ఈ పీడ విరగడైందనే అనుకున్నాను.

మాస్టారు వచ్చేదాకా నేను ఇళ్ళ గురించి ఆలోచించలేదు.

2022లో, వినాయక చవితి వెళ్ళిన వారం. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, షాపు ఖాళీగా ఉండే వేళ చూసుకుని వచ్చారు. నాకు తొమ్మిదో తరగతిలో తెలుగు చెప్పిన మాస్టారు. చంకలో తువ్వాలు చుట్టిన మూట. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అబ్బాయ్, ఇందులో ఎవరో చేరారు" అన్నారు.

తువ్వాలు విప్పితే ల్యాప్‌టాప్. అమెరికాలో ఉన్న కొడుకు అంతకు ముందు ఏడాది వచ్చినప్పుడు కొనిచ్చాడట. మనవరాలిని చూసుకోవడానికీ, పేపర్లు చదువుకోవడానికీ. మూత తెరిచాను. తెర పైన, కెమెరా కన్ను ఉండే చోట, మెరూన్ రంగు బొట్టుబిళ్ళ అంటించి ఉంది. మాస్టారి భార్య, పిన్నిగారి బొట్టుబిళ్ళ.

"వాడెవడో చూస్తున్నాడేమోనని" అన్నారు మెల్లగా.

ఆన్ చేయగానే చీటీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మీ ఫైళ్ళన్నీ పోతున్నాయి, మీ బ్యాంకు వివరాలు బయటికి వెళ్తున్నాయి, ఇదే చివరి హెచ్చరిక. ప్రతి చీటీకీ మాస్టారి చెయ్యి కుర్చీ వీపు మీద బిగుసుకుంటోంది. ముప్పయ్యేళ్ళు పిల్లల ముందు నిలబడి పద్యం చదివిన మనిషి అలా ఒదిగిపోయి నిలబడితే నేను చూడలేకపోయాను. ముందు సౌండ్ తీసేశాను.

"వైరస్ కాదు మాస్టారూ" అని చెబుతూ డెస్క్‌టాప్ వైపు చూశాను. ఒక మూల దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్ గుర్తు. అది ఇలాంటి ల్యాప్‌టాప్‌లో తనంతట తాను ఉండదు.

"ఎవరికైనా ఫోన్ చేశారా మాస్టారూ?"

"లేదే" అన్నారు.

నేను మళ్ళీ అడగలేదు. రెండు టీలు చెప్పి పిలిపించాను. టీ సగం అయ్యాక, రోడ్డు వైపు చూస్తూ, ఆయనే చెప్పారు. పన్నెండు రోజుల కింద చీటీ ఒకటి నొక్కితే తెరంతా ఎర్రగా అయిపోయింది. సైరన్ మోత. ఎంత నొక్కినా పోలేదు. అందులో ఒక నంబరు ఉంది. చేశారు. అవతలివాడు సార్, సార్ అంటూ చాలా మర్యాదగా మాట్లాడాడట. ఆ యాప్ వేయించి, మౌసు బాణం తనే కదిలిస్తూ, ఏదో పట్టిక తెరిచి, అందులో వందల కొద్దీ ఎర్ర గుర్తులు చూపించాడు. ఇవన్నీ మీ మీద జరిగిన దాడులు అన్నాడు. వెంటనే బాగు చేయకపోతే మీరు వీడియో కాల్ చేసే మీ అబ్బాయి అకౌంట్ కూడా పోతుంది అన్నాడు.

"నాది పోతే పోయింది. పిల్లాడిది అనేసరికి భయపడ్డాను" అన్నారు. కార్డు నంబరు చెప్పారు. 9,800 రూపాయలు. "మీ పిన్నికి తెలీదు. కళ్ళజోడుకని చెప్పాను."

ముందు వైఫై ఆపాను. ఆ యాప్ తీసేశాను. బ్యాంకుకు ఫోన్ చేయించి కార్డు ఆపించాం. ఆయన మెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్ నా ఫోన్‌లోంచి మార్పించాను, అనుమానం ఉన్న ల్యాప్‌టాప్‌లోంచి కాకుండా. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాం. పన్నెండు రోజులు దాటింది కాబట్టి డబ్బు తిరిగి రాలేదు. గంటల్లో చెప్పి ఉంటే, చేతులు మారకముందే ఆ డబ్బును ఆపే వీలుండేది. ఆయన్ని ఆ పన్నెండు రోజులు ఆపింది సిగ్గు. ఈ మోసాలన్నిటికీ అసలు పెట్టుబడి మన సిగ్గేనని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ ఎర్ర గుర్తుల సంగతి తేల్చకుండా ఆయన్ని పంపబుద్ధి కాలేదు. మా కౌంటర్ సిస్టమ్ తిప్పి చూపించి, అందులో ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. విండోస్ తన దినచర్య రాసుకునే పుస్తకం లాంటిది అది. ప్రింటర్ ఒకసారి పలకలేదు, ఏదో ప్రోగ్రాము ఆలస్యంగా లేచింది, అలాంటివన్నీ ఎర్ర గుర్తుతోనో పసుపు గుర్తుతోనో అందులో రాసుకుంటుంది. బాగా నడిచే సిస్టమ్‌లోనూ వందలు ఉంటాయి.

"నా దాంట్లోనూ ఉన్నాయి, చూడండి మాస్టారూ."

కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. "అంటే ఒంట్లో బాగున్నవాడి నాడి పట్టుకుని, ఇది కొట్టుకోవడమే జబ్బు అన్నాడన్నమాట" అన్నారు. అప్పుడు కూర్చున్నారు.

ఇది ఎక్కడ మొదలైందో హిస్టరీలో వెనక్కి వెళ్ళి చూశాం. జులైలో ఒక రోజు. శతకాల సంపుటి ఒకటి, అచ్చులో లేనిది, పీడీఎఫ్ దొరుకుతుందేమోనని వెతికారు. తెరుచుకున్న పేజీలో డౌన్‌లోడ్ అని ఆకుపచ్చ బొత్తాం. అది అసలు బొత్తాం కాదు, ప్రకటన. నొక్కితే ఇంకో పేజీ. మధ్యలో తిరుగుతున్న చక్రం, మీరు రోబోట్ కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి అని రాసి ఉంది.

"నేను రోబోట్‌ని కాదు కదా. అబద్ధం కాదు కదా అని నొక్కాను" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నిజం చెప్పే అలవాటున్న మనిషిని, ఆ అలవాటు ఆధారంగానే పట్టుకున్నారు. రోబోట్ కాదని నిజంగా అడిగే పేజీ, తన లోపల ఉన్న గడిలోనే టిక్కు పెట్టమంటుంది. అలౌ అనే ప్రశ్న పేజీది కాదు, బ్రౌజర్‌ది. పైన ఎడమవైపు, అడ్రసు గడి కింద వేరే చిన్న పెట్టెలో వస్తుంది. ఒక పేజీ ఆ పెట్టెను వేలు పెట్టి చూపించి నొక్కమంటోందంటే అక్కడే అనుమానించాలి. ఇది ఆయనకి వివరించాను. కానీ ఒక సందేహం వదల్లేదు ఆయన్ని: "పేజీ మూసేశాను కదా, కంప్యూటర్ కూడా ఆపేశాను కదా. మళ్ళీ ఎలా వస్తాడు?"

"మీ ఇంటికి పేపరు ఎలా వస్తుంది మాస్టారూ? ఒకసారి వేయమని చెప్పారు. మీరు తలుపేసుకుని పడుకున్నా తెల్లారేసరికి గుమ్మంలో పడుతుంది. ఊరెళ్ళొచ్చినా పడే ఉంటుంది. తలుపుకి ఇంకో గడియ పెట్టినంత మాత్రాన ఆగదు. కుర్రాణ్ణి పిలిచి రేపట్నుంచి వద్దు అని చెప్పాలి."

"చెబుదాం పద" అన్నారు.

మౌసు ఆయన చేతికే ఇచ్చాను. నేను చేస్తే రెండు నిమిషాల పని. కానీ ఆ ల్యాప్‌టాప్‌లో మళ్ళీ తనే యజమాని అని ఆయనకి అనిపించాలంటే ఆయన వేలే నొక్కాలి. మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్లు. జాబితాలో 17 పేర్లు. ఒక్కొక్క పేరూ పైకి చదివారు, తరగతిలో హాజరు పిలిచినట్టు. ఆయన ఎరిగినవి రెండే, ఒక దినపత్రిక, ఒక మెయిల్. మిగతావాటి పక్కన మూడు చుక్కలు నొక్కితే రిమూవ్, బ్లాక్ అనే మాటలు కనపడ్డాయి. తేడా ఏమిటన్నారు. రిమూవ్ అంటే పేరు కొట్టేస్తాం, కానీ మళ్ళీ వచ్చి అడగొచ్చు. బ్లాక్ అంటే మళ్ళీ అడిగే వీలు కూడా ఉండదు.

"బ్లాకే" అన్నారు. పదిహేనుసార్లు బ్లాక్ నొక్కారు.

చీటీలు ఆగాయి. కానీ క్రోమ్ తెరిచిన ప్రతిసారీ ఎవరిదో సెర్చ్ పేజీ వస్తూనే ఉంది. అది అనుమతి వల్ల వచ్చేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాములను వేసిన తేదీల వరుసలో పెట్టి చూస్తే, జులైలో అదే రోజున ఏదో సెర్చ్ ప్రోగ్రాము కూర్చుని ఉంది. దాన్ని తీసేసి, మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే యాడ్‌డబ్ల్యూక్లీనర్ ఒకసారి నడిపాను. అయినా పేజీ పోలేదు. చివరికి డెస్క్‌టాప్ మీది క్రోమ్ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే దొరికింది. టార్గెట్ అనే గడిలో ప్రోగ్రాము పేరు, కొటేషన్ గుర్తు అయిపోయాక, ఒక ఖాళీ వదిలి తోకలా ఒక వెబ్ అడ్రసు తగిలించి ఉంది. తోక చెరిపేసి ఓకే కొట్టాం. క్రోమ్ తెల్లగా, ఎప్పట్లా తెరుచుకుంది.

మాస్టారు గోటితో కెమెరా మీది బొట్టుబిళ్ళ తీసి, ఎక్కడ పడేయాలో తెలియక, చొక్కా జేబులో ఉన్న చిన్న డైరీ అట్టకి అంటించుకున్నారు.

వెళ్ళే ముందు ఆయన వెతికిన పుస్తకం కోసం ఆర్కైవ్ డాట్ ఆర్గ్ చూపించాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. అలౌ నొక్కమని ఎవరూ అడగరు. శతకాలు అని తెలుగులో కొట్టి, వచ్చిన వరుస చూసి ఆ ముఖం విచ్చుకోవడం నాకు బాగా గుర్తు.

మర్నాడు పొద్దున్నే షాపు తీసేసరికి మెట్ల మీద ఉన్నారు. చేతిలో తెల్ల కాగితం. నల్లబల్ల మీద ఎలా రాసేవారో అవే గుండ్రటి అక్షరాలు. మేం చేసిన పనంతా వరుసగా, అచ్చ తెలుగు లిపిలో. మూడు చుక్కలు అన్నచోట మూడు చుక్కలు, ఒకదాని కింద ఒకటి గీశారు. పెట్టె ఎక్కడ వస్తుందో చూపడానికి తెర బొమ్మ వేసి, ఎడమవైపు పైన బాణం గుర్తు పెట్టారు. సైరన్ మోగితే ఏం చేయాలో కూడా ఉంది. ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి, పోకపోతే ఆల్ట్ ఎఫ్4 నొక్కండి, అదీ పని చేయకపోతే పవర్ బొత్తాం నొక్కి పట్టి ఆపేయండి, ఏమీ కాదు. అన్నిటికంటే అడుగున, వేరే గీత కొట్టి, "తెర మీద కనిపించిన నంబరుకు ఫోన్ చేయవద్దు. నేను చేసి 9,800 రూపాయలు పోగొట్టుకున్నాను" అని రాసి సంతకం పెట్టారు. రిటైర్డ్ తెలుగు పండితులు అని కింద.

"సంతకం వద్దులే మాస్టారూ, నలుగురూ చూస్తారు" అన్నాను.

"చూడాలనే. రాత్రి మీ పిన్నికి కూడా చెప్పేశాను" అన్నారు. లామినేషన్ చేసి కౌంటర్ పక్క గోడకి అంటించాను. నా ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

ఆ ఫొటో నాలుగు నెలలకే అక్కరకొచ్చింది. 2023 సంక్రాంతికి పొన్నూరు, అత్తగారింటికి వెళ్ళాం. అత్తయ్యకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదని మా ఆవిడ డిసెంబరంతా గొణుగుతూనే ఉంది. పండక్కి వెళ్ళాక తెలిసింది, ఫోను బీరువాలో ఉందని. చీరల మధ్య, కలరా ఉండల పక్కన, స్విచ్ఛాఫ్ చేసి.

పాడైందని చెప్పింది అత్తయ్య. మా ఆవిడ వంటింట్లో గుచ్చి గుచ్చి అడిగితే ఏడ్చేసిందట. సీరియల్ ఒక రోజుది తప్పిపోతే ఏదో సైటులో చూసింది. అప్పట్నుంచి ఫోన్ మీద ఆడవాళ్ళ అసభ్యమైన బొమ్మలు. మనవడు ఆడుకుంటానని ఫోను తీసుకున్నప్పుడు ఒకటి వచ్చింది. నేనేవో చూస్తున్నాననుకుంటారేమో అని అప్పటికప్పుడు ఆపేసి బీరువాలో పెట్టేసింది. మామయ్య పోయాక ఆవిడకి ఆ ఫోనే తోడు. పొద్దున్నే భక్తి పాటలు, సాయంత్రం చెల్లెలితో కబుర్లు. నెల రోజులుగా ఏమీ లేవు.

అల్లుడి చేతికి ఆ ఫోను ఇవ్వడానికి ఆవిడకి మనసొప్పదని నాకు తెలుసు. నేను అడగలేదు. వరండాలో కుర్చీ వేసుకుని వీధి వైపు తిరిగి కూర్చున్నాను. లోపల మంచం మీద మా ఆవిడ, పక్కన అత్తయ్య. నా ఫోన్‌లో మాస్టారి కాగితం ఫొటో తెరిచి మా ఆవిడకి ఇచ్చాను. అర్థం కానిచోట అక్కణ్ణుంచి అడిగేది, నేను ఇక్కణ్ణుంచి చెప్పేవాణ్ణి. ఫోన్‌లో దారి కొంచెం దగ్గర. చీటీ పడినప్పుడే దాని మీద వేలు నొక్కి పట్టుకుంటే అది ఎవరు పంపిందో, ఆపే మీట ఎక్కడుందో అక్కడే కనపడుతుంది. క్రోమ్‌లో తొమ్మిది సైట్లు ఉన్నాయంది. అన్నీ బ్లాక్ చేయించాను.

కాసేపటికి, "ఏవండీ, ఇంకా వస్తోంది. తెరంతా నిండిపోయి వస్తోంది" అంది. నోటిఫికేషన్ అయితే తెరంతా నిండదు. అది వచ్చినప్పుడే చదరం బొత్తాం నొక్కి, దాని పైన ఏ యాప్ గుర్తు ఉందో చూడమన్నాను. బ్యాటరీ ఆదా చేస్తానని చెప్పే యాప్ ఒకటి. ఆ సైటే వేయించి ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ చేయించాను. ప్లేస్టోర్ బయటి నుంచి యాప్‌లు వేసుకునే అనుమతి క్రోమ్‌కి ఇచ్చి ఉంటే అది కూడా తీయించాను.

చివరికి అత్తయ్య గొంతు వినపడింది. "అయితే నా తప్పేం లేదంటావా?" అని కూతుర్ని అడుగుతోంది. మా ఆవిడ ఏదో చెప్పేలోపు నేనే వరండాలోంచి గట్టిగా అన్నాను, "మీ తప్పు రవ్వంత కూడా లేదు అత్తయ్యా. మా షాపులో ఇంతకంటే ఎక్కువ వచ్చాయి." లోపల కాసేపు మాటల్లేవు. తర్వాత చెల్లెలికి ఫోన్ కలిపింది.

ఇప్పుడు క్రోమ్ కొంత పని తనే చేస్తోంది. మనం పట్టించుకోని సైట్లు అదే పనిగా చీటీలు పంపుతుంటే వాటి అనుమతి తానే తీసేస్తానని 2025లో ప్రకటించింది. మంచిదే. అయినా వారానికి ఒకరిద్దరు మా షాపుకి వస్తూనే ఉన్నారు, మాట తగ్గించి, ఎవరూ లేని వేళ చూసుకుని. నేనేమీ అడగను. గోడ మీది కాగితం చూపిస్తాను. చాలామంది అడుగున ఉన్న సంతకం దాకా చదివాకే కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెడతారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను ఈ మధ్య మోగడం లేదంటే ఒకసారి వెళ్ళి పక్కన కూర్చోండి. మాస్టారి కాగితం కావాలంటే గంగానమ్మపేట వచ్చినప్పుడు తీసుకెళ్ళండి. ఆ జెరాక్స్‌కి నేను డబ్బులు తీసుకోను.